రేడియాలజీ విభాగానికి పెద్ద ఎవరు? బరంపురం వైపు నుంచి ఒక వివరణ

బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో ఒకే ఇంటి నుంచి మూడు తరాలు చదివి ఉంటే, వాళ్ల పట్టాల మీద మూడు విశ్వవిద్యాలయాల పేర్లు ఉండే అవకాశం ఉంది. 1962లో కాలేజీ పెట్టినప్పుడు బరంపురానికి సొంత విశ్వవిద్యాలయం లేదు, ఉత్కళ విశ్వవిద్యాలయమే దిక్కు. 1967లో బరంపురం విశ్వవిద్యాలయం వచ్చింది. 2021 నాటి చట్టంతో ఒడిశా ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడి, రాష్ట్రంలోని వైద్య కాలేజీలను తన కిందికి తీసుకోవడం మొదలుపెట్టింది. ఇన్ని మార్పుల్లోనూ కాలేజీ ఉన్నచోటే ఉంది. గేటు ముందు మందుల దుకాణాలూ అక్కడే ఉన్నాయి.

ఈ మార్పు తర్వాత గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ల మధ్య కొన్ని ప్రశ్నలు తరచుగా వినిపిస్తున్నాయి. ఎండీ సీటు కోసం చూస్తున్న పిల్లల తల్లిదండ్రులు యూనివర్సిటీ మారితే డిపార్ట్‌మెంటు విలువ మారుతుందా అని అడుగుతున్నారు. స్కానింగు కోసం రోజంతా వరసలో నిలబడ్డవాళ్లు, ఈ విభాగానికి పెద్ద ఎవరు, మెషీన్ పాడైతే అడగాల్సింది ఎవరిని అంటున్నారు. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట, విభాగం ఎవరెవరి చేతుల్లో నడుస్తోందన్న దాంట్లో ఉంది. అన్ని విభాగాల్లోకీ రేడియాలజీలోనే ఆ జవాబు బాగా బయటపడుతుంది. అక్కడ ఖరీదైన యంత్రాలు ఎక్కువ, వాటి చుట్టూ చట్టాలు ఎక్కువ. నీట్ పీజీలో మంచి ర్యాంకులు వచ్చినవాళ్లు ముందుగా ఎగరేసుకుపోయే సీట్లు కూడా అవే.

ముందు పేర్ల సంగతి

బయట మనం రేడియాలజీ అంటాం. పట్టా మీద మాత్రం రేడియోడయాగ్నసిస్ అని ఉంటుంది. ఎక్స్-రే, అల్ట్రాసౌండ్, సీటీ, ఎమ్మారై చూసి జబ్బు కనిపెట్టే శాస్త్రం ఇది. క్యాన్సర్‌కి కరెంటు పెట్టడం అని మన పల్లెల్లో అనేది రేడియోథెరపీ, అది వేరే విభాగం. ఒకప్పుడు రెండూ ఒకే గొడుగు కింద ఉండేవి. అందుకే పాత విభాగాల చరిత్ర చదివేటప్పుడు తొలి పెద్దల పేర్లు రెండు చోట్లా కనిపిస్తాయి.

ఇక మనుషులు. మనల్ని బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి ఫిల్మ్ తీసేది టెక్నీషియన్. ఆ ఫిల్మ్ చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ చేసిన డాక్టరు. కాలేజీలో ఈ డాక్టర్లకు మెట్లు ఉంటాయి. కింద పీజీ విద్యార్థులు, వాళ్లపైన సీనియర్ రెసిడెంట్లు, ఆ పైన అసిస్టెంట్, అసోసియేట్ ప్రొఫెసర్లు, చివరికి ప్రొఫెసర్లు. ఆ ప్రొఫెసర్లలో ఒకరు హెచ్.ఓ.డి., అంటే విభాగాధిపతి అవుతారు. అది జీతం పెరిగే ప్రమోషన్ కాదు, ప్రొఫెసర్ పదవికి తోడైన బాధ్యత. చాలామంది దీన్ని కలెక్టరు ఉద్యోగంలా ఊహించుకుంటారు. అసలు తికమక అక్కడే మొదలవుతుంది.

ఒక విభాగం, ముగ్గురు యజమానులు

ప్రభుత్వ వైద్య కాలేజీలోని విభాగం ఉమ్మడి ఇల్లు లాంటిది. ఇంటి పట్టా ఒకరి పేరున, కరెంటు మీటరు మరొకరి పేరున, పిల్లల చదువు ఇంకొకరి పూచీ మీద నడుస్తుంటాయి.

భవనం, జీతాలు, బదిలీలు రాష్ట్ర ప్రభుత్వానివి. ఒడిశాలో ప్రభుత్వ కాలేజీ అధ్యాపకులు ఒడిశా మెడికల్ ఎడ్యుకేషన్ సర్వీసు కిందికి వస్తారు. కటకంలో పనిచేసే ప్రొఫెసర్‌ను బుర్లాకో బరంపురానికో పంపే అధికారం భువనేశ్వర్‌లో ఉంటుంది, విశ్వవిద్యాలయానిది కాదు. కాలేజీ నడపడానికీ, ఎన్ని సీట్లు ఉండాలో తేల్చడానికీ అనుమతి ఇచ్చేది జాతీయ వైద్య కమిషన్. 2020 సెప్టెంబరులో పాత మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చింది ఇదే. విశ్వవిద్యాలయం పని మూడోది. పరీక్ష పెట్టడం, బయటి నుంచి పరీక్షకులను పిలవడం, థీసిస్ ఆమోదించడం, పట్టా ఇవ్వడం దాని వంతు.

కాబట్టి పట్టా మీద పేరు మారినంత మాత్రాన సీటీ స్కానర్ కొత్తదవదు, ప్రొఫెసర్ల సంఖ్య పెరగదు. మారేది పరీక్షల క్యాలెండరు, ప్రశ్నపత్రం తీరు, ఫలితాలు వచ్చే వేగం. వేర్వేరు యూనివర్సిటీల కింద కాలేజీలకు వేర్వేరు తేదీల్లో పరీక్షలు జరిగే పద్ధతి పోయి, రాష్ట్రమంతా ఒకే పరీక్ష వస్తుంది. ఆంధ్ర వైపు వాళ్లకు ఇది పాత కథ. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లోనే పెట్టారు. 1923లో మొదలైన విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల కూడా మద్రాసు, ఆంధ్ర విశ్వవిద్యాలయాల తర్వాత మూడో చేతికి అప్పుడే వచ్చింది. ఆ విజయవాడ విశ్వవిద్యాలయానికే 2022లో ఒకసారి, ప్రభుత్వం మారాక 2024లో ఇంకోసారి పేరు మార్చారు. ఆ పేరు మార్పులతో ఏ కాలేజీలోనూ ఒక్క ఎక్స్-రే ఎక్కువా పడలేదు, తక్కువా పడలేదు.

సీట్ల లెక్క మాత్రం సూటిగా మనుషులతో ముడిపడింది. పీజీ సీట్లు విభాగంలో థీసిస్ చేయించే గుర్తింపు ఉన్న గైడ్లు ఎంతమంది, పని ఎంత జరుగుతోంది అన్నదాన్ని బట్టి వస్తాయి. ఒక ప్రొఫెసర్ రిటైరై ఆ ఖాళీ నిండకపోతే, పట్టా మీద ఎంత పెద్ద పేరున్నా తనిఖీలో సీట్లకు గండం. ఎండీ సీటు గురించి అడిగే తల్లిదండ్రులు యూనివర్సిటీ పేరు మీద పెట్టుకునే టెన్షన్ నిజానికి ఈ ఖాళీల మీద పెట్టుకోవలసింది.

మద్రాసు నుంచి బరంపురం దాకా

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ ఆయనకే ఇచ్చారు. యంత్రం ప్రపంచమంతా త్వరగానే పాకింది. అయితే వైద్య కాలేజీల్లో దానికంటూ ఒక గది, ఒక కుర్చీ, ఒక పట్టా రావడానికి దశాబ్దాలు పట్టింది. అమెరికాలో పేరుమోసిన జాన్స్ హాప్కిన్స్‌లోనే రేడియాలజీకి పూర్తి స్థాయి విభాగాధిపతిగా రసెల్ మోర్గన్ వచ్చింది 1946లో. అప్పటిదాకా చాలా చోట్ల ఎక్స్-రే అంటే సర్జన్లకూ ఫిజీషియన్లకూ ఫొటోలు తీసిపెట్టే గదే. ఫొటో తీసేవాడికి జబ్బు గురించి అభిప్రాయం చెప్పే హక్కుందా అన్న తగువు తేలాకే రేడియాలజిస్టు డాక్టరుగా నిలబడ్డాడు.

మన వైపు ఈ చరిత్రకు మూలస్థానం మద్రాసు. అక్కడి జనరల్ ఆసుపత్రిలో 1934లో బార్నార్డ్ రేడియాలజీ సంస్థ ప్రారంభమైంది. దాని తొలి పెద్ద కెప్టెన్ టి. డబ్ల్యు. బార్నార్డ్. అప్పటికి బరంపురం, పర్లాకిమిడి, కోరాపుట్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంటే రెండేళ్లపాటు బార్నార్డ్ సంస్థ బరంపురానికి కూడా సొంత ప్రెసిడెన్సీ సంస్థే. ఆ తర్వాత సరిహద్దు మారింది కానీ హౌరా–మద్రాసు రైలు దారి మారలేదు. పెద్ద జబ్బు చేస్తే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్లే అలవాటూ పోలేదు, ఈ రోజుకీ ఉంది.

కొత్త రాష్ట్రానికి కటకంలో వైద్య కళాశాల 1944లో వచ్చింది. బుర్లా కాలేజీ 1959లో, బరంపురం కాలేజీ 1962లో వచ్చాయి. బరంపురం దానికి పెట్టిన పేరు పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతిది, 1937లో ఒడిశాకు తొలి ప్రధానమంత్రి అయినాయన. కోరాపుట్‌లో 2017లో వచ్చిన కళాశాలకు షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరు పెట్టారు. ఆ ఆదివాసీ వీరుణ్ని 1943 మార్చి 29న ఉరి తీసింది బరంపురం జైల్లోనే.

కొత్త కాలేజీలు రావడం రోగులకు మేలే. జయపురం నుంచి బరంపురం దాకా రోగిని తీసుకెళ్లినవాళ్లను అడిగితే ఎంత మేలో చెప్తారు. అయితే ప్రొఫెసర్లు చెట్లకు కాయరు. ఒక రేడియాలజీ ప్రొఫెసర్ తయారవ్వాలంటే ఎండీ తర్వాత సీనియర్ రెసిడెన్సీ, బోధన అనుభవం, పరిశోధన పత్రాలు కలిపి దాదాపు ఎనిమిదేళ్లయినా పడుతుంది. కొత్త కాలేజీకి మొదటి రోజు నుంచే నిర్ణీత సంఖ్యలో అధ్యాపకులు కావాలి. అందుకని పాత కాలేజీల నుంచే కొందరు కదులుతారు. కొత్త విభాగం పుట్టిన ప్రతిసారీ పాత విభాగాల మీద కొంత బరువు పడేది ఇందుకే.

హెచ్.ఓ.డి. చేతిలో నిజంగా ఏముంది

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. విభాగంలో సీటీ స్కానర్ పాతబడింది, నెలకోసారి ఆగిపోతోంది. కొత్తది కావాలి.

హెచ్.ఓ.డి. మొదట రాసేది ఎలాంటి యంత్రం కావాలన్నది. ఎన్ని స్లైసులు (ఒక్క చుట్టులో తీసే అడ్డకోత చిత్రాలు), గుండె స్కాన్లకు పనికిరావాలా, ఎన్నేళ్ల మెయింటెనెన్స్ ఉండాలి, ఇలాంటివి. ఈ కాగితం మామూలుగా కనిపిస్తుంది కానీ విభాగాధిపతి అసలు తెలివి ఇక్కడే తెలుస్తుంది. స్పెసిఫికేషన్ వదులుగా రాస్తే చవక సరుకు వచ్చి పడుతుంది, మరీ బిగించి రాస్తే ఒకే కంపెనీ మిగిలి టెండరు ఆగిపోతుంది. ఆ కాగితం ప్రిన్సిపాల్ ద్వారా వైద్య విద్యా సంచాలకుడి దగ్గరికి వెళ్తుంది. కొనేది ఒడిశా స్టేట్ మెడికల్ కార్పొరేషన్. ఆంధ్రలో అయితే ఈ పని ఏపీఎంఎస్ఐడీసీ చేస్తుంది. డబ్బు మంజూరు ఆరోగ్య శాఖది. గది కట్టేది ఇంజనీరింగ్ విభాగం. సీటీ గదికి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలని అణుశక్తి నియంత్రణ బోర్డు నియమం. గోడల మందం, తలుపుకు సీసపు రేకు అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. బోర్డు లైసెన్సు లేనిదే యంత్రం రోగుల మీద వాడకూడదు.

ఈ గొలుసులో హెచ్.ఓ.డి. సొంతంగా తేల్చగలిగింది మొదటి కాగితం ఒక్కటే. మిగిలినదంతా గుర్తు చేయడం, ఫైలు వెంట పడటం. ఇప్పుడు ఇంకో మలుపు అనుకుందాం. టెండరు నడుస్తుండగా ఆ ప్రొఫెసర్‌కి బదిలీ అయింది. కొత్తగా వచ్చినవారికి ఆ స్పెసిఫికేషన్ నచ్చలేదు, మార్చమన్నారు. కథ మళ్లీ మొదటికొచ్చింది. స్కానింగు కోసం వచ్చినవారికి కనిపించేది మాత్రం తలుపు మీద అంటించిన 'మెషీన్ పనిచేయడం లేదు' అన్న కాగితం.

అలాగని హెచ్.ఓ.డి. ఉత్సవ విగ్రహం కాదు. రాత్రి డ్యూటీలో ఎవరుండాలి, పీజీలు వారానికి ఎన్ని కేసులు సొంతంగా చూడాలి, పొద్దున్నే అందరూ కూర్చుని రాత్రి తీసిన ఫిల్ములు మళ్లీ చదవాలా వద్దా అన్నవి పూర్తిగా ఆ గదిలో తేలేవే. నా లెక్కలో ఒక విభాగం మంచిదో కాదో ఈ పొద్దుటి చదువులో తెలిసిపోతుంది. తప్పు చదివిన ఫిల్మ్‌ను పదిమందిలో బయటపెట్టి మాట్లాడుకునే చోట పీజీలు నేర్చుకుంటారు, దాచే చోట రిపోర్టులు మాత్రమే టైపు చేస్తారు.

కుర్చీ ఒకరిదా, వంతులవారీగానా

దీని మీద వైద్యవర్గాల్లో నిజంగానే రెండు పక్షాలున్నాయి. రెండిటిలోనూ బలం ఉంది.

ఒకరే చాలాకాలం ఉండాలనేవాళ్లు చూపించే ఉదాహరణల్లో ముందుండేది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. అక్కడ అలెగ్జాండర్ మార్గులిస్ 1963 నుంచి 1989 దాకా రేడియాలజీ విభాగాన్ని నడిపాడు. ఆ 26 ఏళ్లలోనే సీటీ, ఎమ్మారై రెండూ పుట్టి ఆసుపత్రుల్లోకి వచ్చాయి. కొత్త యంత్రం ప్రయోగదశలో ఉండగానే దాని మీద పందెం కాయాలంటే, ఫలితం వచ్చేదాకా కుర్చీలో ఉంటానన్న ధీమా ఉండాలి కదా. అక్కడ విభాగాధిపతిని సీనియారిటీ చూసి వేయరు. దేశమంతా వెతికి, ఇతర విశ్వవిద్యాలయాల నుంచి కూడా పిలుచుకుని, బడ్జెటు మీద చాలావరకు అధికారం ఇచ్చి పెడతారు.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ కాకర్ల సుబ్బారావు. కృష్ణా జిల్లాలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో రేడియాలజీ నేర్చుకున్నారు. 1956లో తిరిగొచ్చి హైదరాబాదు ఉస్మానియా వైద్య కళాశాలలో చేరి, విభాగాధిపతిగా చేశారు. 1970లో మళ్లీ అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో ప్రొఫెసర్‌గా ఉన్నారు. 1980ల మధ్యలో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు పిలుపుతో వచ్చి హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ నిమ్స్‌ను ఒక స్థాయికి తెచ్చారు. 2000లో పద్మశ్రీ అందుకుని, 2021 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన జీవితాన్ని మామూలుగా ఒక మహానుభావుడి కథలా చెప్తారు. విభాగాల వైపు నుంచి చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. ఉస్మానియాలో ఆయన సర్కారీ సర్వీసులో విభాగాధిపతి. నిమ్స్ తన నియామకాలు తానే చేసుకోగల స్వయంప్రతిపత్తి సంస్థ, 1989లో విశ్వవిద్యాలయ స్థాయి కూడా పొందింది. ఆయన పేరు ప్రజల నోట నిలిచింది రెండో చోటు వల్లే. ఒకే మనిషికి రెండు రకాల కుర్చీలు ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఎదుటి పక్షం మాటా వినాలి. ఒకరే ఇరవై ఏళ్లు కూర్చుంటే వెనక ఉన్న ప్రొఫెసర్లు ఒక్క నిర్ణయం తీసుకోకుండానే రిటైరవుతారు. పీజీల థీసిస్, కాన్ఫరెన్సులకు అనుమతి, ఏ మెషీన్ మీద ఎవరు అన్నది అంతా ఒకరి ఇష్టాయిష్టాల మీద ఆధారపడుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో విభాగాధిపతి పదవి మూడేళ్ల చొప్పున వంతులవారీగా తిరుగుతుంది. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ అధ్యాపకులు కూడా ఈ పద్ధతి కావాలని ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. వంతుల పద్ధతికి వ్యతిరేకులు చెప్పేది కూడా చిన్నదేం కాదు. మూడేళ్లలో పోయే మనిషి ఐదేళ్ల పని మొదలుపెట్టడు.

బరంపురం లాంటి బదిలీల కాలేజీలో జరిగేది ఈ రెండూ కాదు. కుర్చీ సీనియారిటీని బట్టి వస్తుంది, ఎప్పుడు పోతుందో మాత్రం బదిలీ ఉత్తర్వు చెప్తుంది. గడువు తెలిసిన వంతూ కాదు, ధీమా ఉన్న దీర్ఘకాలమూ కాదు. రెండు పద్ధతుల లోపాలూ ఇక్కడ ఒకేచోట కలిశాయని నా అభిప్రాయం. దీన్ని సమర్థించేవాళ్లు బదిలీలే లేకపోతే కోరాపుట్‌కు ప్రొఫెసర్ ఎవరొస్తారు అంటారు. ఆ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు.

ఒక్కో యంత్రానికి ఒక్కో చట్టం

విభాగాధిపతి సంతకాల్లో సగం ఇందుకే పోతాయి. ఎక్స్-రే, సీటీల నుంచి రేడియేషన్ వస్తుంది కాబట్టి అణుశక్తి నియంత్రణ బోర్డు చూస్తుంది. అక్కడ పనిచేసేవాళ్లు చొక్కాకు ఒక బ్యాడ్జి పెట్టుకుంటారు. మీద పడిన రేడియేషన్ ఎంతో మూడు నెలలకోసారి దాన్ని చూసి లెక్క కడతారు. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ కొలత) దాటకూడదు, ఏ ఒక్క ఏడాదీ 30 మించకూడదు. దీన్ని చూసుకోవడానికి బోర్డు ఆమోదించిన రేడియేషన్ భద్రతా అధికారి ఒకరు ఉండాలి. ఆ అధికారి హెచ్.ఓ.డి.యే కానక్కర్లేదు. ఎమ్మారైలో ఉండేది అయస్కాంతం, ఆ బోర్డుకు దానితో పనిలేదు.

అల్ట్రాసౌండ్‌లోనూ రేడియేషన్ లేదు. కాగితాల బెడద మాత్రం అన్నిటికంటే దానికే ఎక్కువ. గర్భస్థ శిశువు లింగం చెప్పడాన్ని నిషేధించిన 1994 చట్టం కింద గర్భిణికి చేసే ప్రతి స్కానుకూ ఫారం ఎఫ్ అనే వివరాల పత్రం నింపాలి. రికార్డులు రెండేళ్లు దాచాలి. ఫారంలో లోపం ఉంటే దాన్ని గుమాస్తా పొరపాటుగా చట్టం చూడదు, చట్టాన్ని ఉల్లంఘించినట్టే లెక్క. కాదని నిరూపించుకోవాల్సింది డాక్టరే. ఇది మరీ కఠినమని ప్రసూతి వైద్యుల సంఘాల సమాఖ్య సుప్రీంకోర్టుకెళ్తే, 2019లో కోర్టు చట్టం వైపే నిలబడింది. డాక్టరో యంత్రమో మారితే 30 రోజుల ముందే అధికారులకు తెలపాలన్న నియమం కూడా ఉంది. అందుకే ఒక బదిలీ ఉత్తర్వు వస్తే పాఠం చెప్పే మనిషి పోవడంతో పాటు రిజిస్ట్రేషన్ కాగితాలూ కదలాలి.

రిపోర్టు మీద సంతకం ఎవరిది

గుణుపురం దగ్గర రాత్రి బండి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాణ్ని బరంపురం తెచ్చారనుకుందాం. క్యాజువల్టీ డాక్టరు సీటీ రాస్తాడు, టెక్నీషియన్ తీస్తాడు. డ్యూటీలో ఉన్న పీజీ చూసి, సీనియర్ రెసిడెంటుతో మాట్లాడి, తాత్కాలిక రిపోర్టు ఇస్తాడు. మెదడులో రక్తం గడ్డకట్టి ఉంటే న్యూరోసర్జన్ దాని మీదే కదులుతాడు, పొద్దుటిదాకా ఆగడు. పొద్దున ప్రొఫెసర్ మళ్లీ చూసి తుది రిపోర్టు మీద సంతకం పెడతారు. రెండిటికీ తేడా వస్తే తుది రిపోర్టులో దాన్ని రాయాలి, వార్డుకు కబురు చేయాలి. రిపోర్టుకు పూచీ సంతకం పెట్టినవారిది. రాత్రి డ్యూటీలో తగిన మనిషిని పెట్టారా లేదా అన్న పూచీ హెచ్.ఓ.డి.ది.

ఇక్కడే కొత్త చిక్కు వచ్చింది. చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీటీ, ఎమ్మారై ప్రైవేటు సంస్థలు ఒప్పందం మీద నడుపుతున్నాయి. గది ఆసుపత్రిది, యంత్రం కంపెనీది. రిపోర్టు ఎక్కడో నగరంలో కంప్యూటరు ముందు కూర్చున్న రేడియాలజిస్టు రాయవచ్చు. యంత్రం త్వరగా వస్తుంది, మరమ్మతు ఆలస్యం కాదు అని సమర్థించేవాళ్లు చెప్పేది చాలావరకు నిజం. పక్క గదిలోనే ఉన్న పీజీకి ఆ కేసులు చదివే అవకాశం ఒప్పందంలో రాసి ఉంటేనే దొరుకుతుందన్నది ఎదుటివాళ్ల బాధ. అదీ నిజమే. గది బయట బోర్డు మీద పేరు విభాగానిదే ఉన్నా, అలాంటి గది మీద హెచ్.ఓ.డి. అధికారం ఎంత అన్నది ఆ ఒప్పందం కాగితం చెప్పాలి.

పీజీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2021 నుంచి చేరిన బ్యాచ్‌లు మూడేళ్లలో మూడు నెలలు ఏదో ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. రేడియాలజిస్టు దొరకడమే కష్టమైన పర్లాకిమిడి, రాయగడ లాంటి చోట్ల ఆ మూడు నెలలకూ విలువ ఉంటుంది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ విద్యార్థి జిల్లా కోఆర్డినేటర్ పర్యవేక్షణలో ఉంటాడు. హాజరు అక్కడే వేయించుకోవాలి. ఆ మూడు నెలలు సరిగ్గా పూర్తయ్యాయన్న సర్టిఫికెట్ లేకపోతే విశ్వవిద్యాలయం ఎండీ చివరి పరీక్షకు కూర్చోనివ్వదు.